కొమ్ము విరిగినా, ఊడినా: ఏ లక్షణానికి ఏం చేయాలి?

పైకి కనిపించే కొమ్ము ఒక తొడుగు మాత్రమే. దాని లోపల పుర్రె నుంచి పెరిగిన ఎముక, రక్తనాళాలు, నరాలు ఉంటాయి. పెద్ద పశువుల్లో ఆ ఎముక బోలుగా ఉండి, నుదుటి లోపలి గాలి గది ద్వారా ముక్కుతో కలుస్తుంది. అందుకే కొమ్ము గాయంలో ఏదీ పోయకూడదు.

తొడుగు ఊడింది, రక్తం కారుతోంది

పశువులు పోట్లాడుకున్నప్పుడు, కొమ్ము కంచెలో ఇరుక్కున్నప్పుడు, వాహనం ఎక్కించేటప్పుడు, కొమ్ములకు తాడేసి లాగినప్పుడు ఇలా అవుతుంది. నొప్పితో పశువు తల విసురుతుంది కాబట్టి ఎదురుగా నిలబడకండి. నీడలో పొట్టిగా కట్టేసి, శుభ్రమైన నూలు బట్ట మడిచి పది, పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. ఆగిందో లేదో అని మాటిమాటికీ బట్ట తీసి చూస్తే గడ్డకట్టిన రక్తం ఊడి మళ్లీ మొదలవుతుంది. ఆగాక పోవిడోన్ అయోడిన్ రాసి కట్టు కట్టాలి. ఒక్క కొమ్ముకే కడితే జారిపోతుంది, రెండు కొమ్ములనూ కలిపి 8 అంకెలా తిప్పండి. బూడిద, పేడ, సున్నం పెట్టొద్దు. ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ వేయించండి. లోపలి ఎముక బాగుంటే పైపొర నెమ్మదిగా గట్టిపడుతుంది కానీ, పాత ఆకారం రాకపోవచ్చు.

కొమ్ము ఊగుతోంది, అదే వైపు ముక్కులోంచి రక్తం

లోపలి ఎముక విరిగిందన్నమాట. ముక్కు రక్తం చూసి చాలామందికి టెన్షన్ పట్టుకుంటుంది, కానీ అది కొమ్ములోంచి దిగిన రక్తమే కావచ్చు. వేలాడుతున్న కొమ్మును మీరు లాగేయకండి, అది పశువుకు నరకం. డాక్టర్ కంటికీ కొమ్ముకూ మధ్య మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అవసరమైతే కోసి తీసేస్తారు. వచ్చేదాకా శుభ్రమైన బట్ట కప్పి ఉంచండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

కొన్నాళ్లకు దుర్వాసన, చీము, తల ఒకవైపు వాల్చడం

గాలి గదికి చీము పట్టింది, లేదా పురుగులు పడ్డాయి. వానాకాలంలో ఈగలు ఎక్కువ, కట్టు తీసి గాయాన్ని రోజూ చూడాలి. చుట్టూ వేపనూనె రాస్తే ఈగలు అంతగా వాలవు. పురుగులు కనిపిస్తే టర్పెంటైన్ నూనె తెచ్చి లోపల పోసేయొద్దు, డాక్టర్ చేతే తీయించండి. యాంటీబయాటిక్ వాడితే పాలు ఎన్ని రోజులు వాడకూడదో అడిగి, అన్ని రోజులూ పారబోయండి. లీటర్ల పాలు పోతాయని బాధే, కానీ ఆ పాలు తాగేది పిల్లలు.

దెబ్బే తగల్లేదు, అయినా కొమ్ము వంగుతోంది

అన్నిటికంటే ఆలస్యంగా గుర్తించేది ఇదే. నడివయసు ఒంగోలు ఎద్దు మాటిమాటికీ తల విదిలిస్తూ, కొమ్మును గుంజకు రుద్దుతూ, కొమ్ము మొదలు తాకనివ్వకపోతే, అదే వైపు ముక్కులోంచి రక్తపు జీర వస్తుంటే కొమ్ము క్యాన్సర్‌ని అనుమానించాలి. ఆవుల కంటే ఎద్దుల్లోనే ఇది ఎక్కువ, గేదెల్లో అరుదు. కాడి రాపిడి అనుకుని నూనె రాస్తూ కూర్చోకండి. కొమ్ము గట్టిగా ఉన్నప్పుడే తీయిస్తే ఎద్దు మిగిలే అవకాశం ఎక్కువ. కొమ్ము ఊడి లోపలి నుంచి కాలీఫ్లవర్‌లా కండ పెరిగాక ఆపరేషన్ చేసినా మళ్లీ రావచ్చు. అనుమానం వచ్చిన రోజే కాడి దించి, పశువైద్యశాలకు తీసుకెళ్లండి.