చిన్న కెర్నెల్‌కు ఐపీవీ6 – 4వ పాఠం: పింగ్ పోతాంది, రావట్లేదు

ఈసారి ఎక్స్‌టెన్షన్ హెడర్లు మొదలుపెడదామనుకున్నాను. వాయిదా వేస్తున్నాను, ఎందుకంటే మూడో పాఠం చేసినవాళ్ళలో చాలామంది ఒకేచోట ఆగిపోయారు. కడప నుంచి ఒక విద్యార్థి ఇలా రాశాడు: "సార్, నా కెర్నెల్ నుంచి పక్క మెషిన్‌కు పింగ్ పోతాంది. వాళ్ళు చేస్తే మాత్రం రావట్లేదు. ఏమైందో చూద్దామని ప్రామిస్కస్ మోడ్ పెట్టి ప్యాకెట్లు ప్రింట్ చేస్తే వస్తాంది. తీసేస్తే మళ్ళీ లేదు. ఏంది సార్ ఇది?" కర్నూలు నుంచి ఇంకొకరిది ఇంకో వింత: ముందు తను పింగ్ చేస్తే, తర్వాత అవతలివాళ్ళు చేసినా వస్తోందట.

అసలు పింగ్ బయటికే పోనివాళ్ళు ముందు చెక్‌సమ్ (ప్యాకెట్ దారిలో చెడిందో లేదో చూసే లెక్క) చూసుకోండి. ఐపీవీ4లో పింగ్ సందేశాలు మోసే పాత ఐసీఎంపీకి భిన్నంగా, దాని ఐపీవీ6 రూపమైన ఐసీఎంపీవీ6 చెక్‌సమ్‌లో రెండు అడ్రస్‌లూ, పొడవూ, నెక్స్ట్ హెడర్ సంఖ్య 58 కలిసిన సూడో హెడర్ కూడా లెక్కకు వస్తుంది. 40 బైట్ల అసలు హెడర్ గురించి మళ్ళీ చెప్పను.

మిగతావాళ్ళ సంగతికి వద్దాం. ఐపీవీ4లో 'ఈ ఐపీ అడ్రస్ ఎవరిది, మీ మ్యాక్ (కార్డు హార్డ్‌వేర్) అడ్రస్ చెప్పండి' అని అడిగే ఏఆర్‌పీ ప్రశ్న బ్రాడ్‌కాస్ట్‌గా, అంటే అందరికీ వస్తుంది, దాన్ని ఏ నెట్‌వర్క్ కార్డైనా లోపలికి వదులుతుంది. ఐపీవీ6లో బ్రాడ్‌కాస్ట్ లేదు. అదే ప్రశ్న అడిగే నైబర్ సొలిసిటేషన్, అంటే ఐసీఎంపీవీ6 టైప్ 135 సందేశం, ఒక మల్టీకాస్ట్ గుంపుకు వస్తుంది. ఆ గుంపు మాకు కావాలని కార్డుకు మనం చెప్పకపోతే ప్యాకెట్ అక్కడే పోతుంది, మీ కోడ్ దాకా రాదు. ప్రామిస్కస్ పెడితే కార్డు అన్నీ లోపలికి వదులుతుంది కాబట్టి జబ్బు కనబడదు. మీలో కొందరు మూడు రోజులు చెక్‌సమ్ కోడ్ తిరగరాశారు. ప్రింట్ పెడితే పనిచేసి, తీస్తే ఆగేది ఏదైనా ఉంటే ముందు కార్డు ఫిల్టర్‌ను అనుమానించండి, మీ గణితాన్ని తర్వాత.

కర్నూలు వింత కూడా ఇక్కడిదే. మన ప్రశ్నలోనే మన మ్యాక్ అడ్రస్ ఉంటుంది, అవతలివాళ్ళు దాన్ని దాచుకుంటారు. ఆ తర్వాత సరిచూసుకోవడానికి అడిగినా నేరుగా మనకే పంపుతారు. వాళ్ళ పట్టికలోంచి మన ఎంట్రీ పోయిన రోజు మళ్ళీ మౌనం.

గుంపు అడ్రస్ తయారీ చూడండి. మీ అడ్రస్‌లో చివరి 24 బిట్లు తీసుకుని ఎఫ్‌ఎఫ్02::1:ఎఫ్‌ఎఫ్ వెనక పెట్టాలి. ఎఫ్‌ఈ80::12:3456 అయితే గుంపు ఎఫ్‌ఎఫ్02::1:ఎఫ్‌ఎఫ్12:3456. ఈథర్‌నెట్ మీద దాని చివరి 32 బిట్లకు ముందు 33:33 చేరుస్తాం: 33:33:ఎఫ్‌ఎఫ్:12:34:56. ఇప్పుడు 2001:డీబీ8::7 తీసుకోండి. ఈథర్‌నెట్ అడ్రస్ 33:33:ఎఫ్‌ఎఫ్:00:00:07. ఇక్కడ సున్నాలు మింగేసినవాళ్ళు ఇద్దరు ఉన్నారు. అందుకే నేను అడ్రస్‌ను ఎప్పుడూ 16 బైట్ల వరుసగానే ఉంచుతాను, చివరి మూడు బైట్లు కాపీ చేస్తే అయిపోతుంది. 32 బిట్ల ముక్కలుగా పెట్టుకుంటే ఎండియన్ (బైట్లు ఏ వరుసలో ఉంటాయన్న) టెన్షన్ ఒకటి.

24 బిట్లే కాబట్టి ఒకే గుంపులో వేరేవాళ్ళూ ఉండొచ్చు. అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో "ఓబులేసూ" అని పిలిస్తే ఎంతమంది తిరుగుతారో తెలుసుగా! అందుకని సందేశం లోపలున్న టార్గెట్ అడ్రస్ మొత్తం 128 బిట్లూ మనదేనా అని చూశాకే జవాబివ్వాలి. హాప్ లిమిట్ (ప్రతి రౌటర్ ఒకటి తగ్గించే సంఖ్య) 255 కాకపోతే పడేయాలి. ఇది నిజంగా పక్క మెషిన్ నుంచే వచ్చిందనడానికి అదే రుజువు, దారిలో ఒక్క రౌటర్ దాటినా 254 అవుతుంది.

ఇంటెల్ ఈ1000 నెట్‌వర్క్ కార్డులో మల్టీకాస్ట్ ఫిల్టర్ 4096 బిట్ల హాష్ పట్టిక. అది ఖచ్చితమైన వడపోత కాదు, వేరే గుంపులవీ లోపలికి వస్తాయి. నేనైతే మొదట అన్ని మల్టీకాస్ట్‌లూ తీసుకునే బిట్ పెట్టి జవాబు కోడ్ సరిచేసుకుంటాను, హాష్ తర్వాత రాస్తాను. ఆ బిట్‌ను అలాగే వదిలేసి "అయిపోయింది సార్" అనకండి.

వరుస కూడా ముఖ్యం. గుంపులో చేరాకే, అడ్రస్ ఇంకెవరిదైనా ఉందా అనే డూప్లికేట్ పరీక్షకు సందేశం పంపాలి. ముందే పంపితే, అదే అడ్రస్ కోసం అదే సమయంలో పరీక్ష చేస్తున్న ఇంకొకరి ప్రశ్న మనకు వినబడదు.

అభ్యాసం: ఒకే కార్డుకు ఎఫ్‌ఈ80::12:3456, 2001:డీబీ8::12:3456 రెండూ ఇవ్వండి. రెంటికీ గుంపు ఒకటే. మొదటిదాన్ని తీసేయండి. అవతలి మెషిన్‌లో నైబర్ పట్టిక ఖాళీ చేసి, ప్రామిస్కస్ ఆపి, రెండోదానికి పింగ్ చేయండి. రాకపోతే ప్రతి గుంపుకూ ఎంతమంది వాడుతున్నారో లెక్క పెట్టే కోడ్ రాసి, ఆ లెక్క సున్నా అయితేనే ఫిల్టర్ తీయండి. తర్వాత ఇదే పనిని, రెండు అడ్రస్‌లూ రెండు ప్రాసెసర్ కోర్ల మీద ఒకేసారి చేర్చి, తీసేస్తూ నడపండి. లాక్ ఎక్కడ పెట్టారో కూడా నాకు రాసి పంపండి.