సవర పెద్దల మాట రికార్డు చేయాలంటే

సవర గిరిజనుల భాష రికార్డు చేద్దామని శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి, మందస కొండల వైపు బయల్దేరేవాళ్ళు ముందు రష్యా దక్షిణాన కాకసస్ కొండల్లో పుట్టిన సర్కాసియన్, దాని చుట్టం ఉబిఖ్ భాషల మీద పనిచేసినవాళ్ళ పద్ధతి చూడండి, చాలా శ్రమ తగ్గుతుంది. 1864లో రష్యా సైన్యం కాకసస్ నుంచి తరిమేస్తే ఉబిఖ్ జనమంతా టర్కీ చేరారు. ఆ భాషలో హల్లులే 80కి పైన! ఫ్రెంచి పండితుడు డ్యుమెజిల్, తెవ్‌ఫిక్ ఎసెంచ్ అనే ఆయన్ని కూర్చోబెట్టుకుని ఏళ్ళ తరబడి కథలు, మాటలు రాసుకున్నాడు. ఆ భాష ధారాళంగా వచ్చిన ఆఖరి మనిషి ఎసెంచే, 1992లో పోయాడు. ఇప్పుడు మిగిలినవి ఆ రాతలూ టేపులే.

కాబట్టి మీరూ కథలు చెప్పించండి, పదాల పట్టికతో మొదలుపెట్టకండి. నీళ్ళని ఏమంటారు, చెట్టుని ఏమంటారు అని వరసపెట్టి అడిగితే తాతకి విసుగు, మీకు దక్కేది కూడా పాత సరుకే, ఎందుకంటే గిడుగు రామమూర్తి గారు 1930ల్లోనే సవర వ్యాకరణం, నిఘంటువు అచ్చు వేయించారు. పోడు ఎలా కొట్టేవారు, మీ పెళ్ళి ఎలా జరిగింది అని అడిగి వదిలేయండి. మధ్యలో ఊఁ కొట్టకండి, తర్వాత వింటుంటే ఆ ఊఁలే ప్రాణం తీస్తాయి.

క్రియల దగ్గర జాగ్రత్త. సర్కాసియన్‌లో ఎవరు, ఎవరికి, ఎక్కడ అన్నవన్నీ క్రియలోనే ఇరికిపోతాయి, సవర క్రియ కూడా చాలా మోస్తుంది. ఉత్తి ‘ఇవ్వడం’ అడిగితే ఏమీ తేలదు. ‘నేను నీకిచ్చాను’, ‘వాడు మనకిచ్చాడు’ అని మార్చి మార్చి అడగండి.

గొంతులో టక్కున ఆగే శబ్దానికి తెలుగులో అక్షరం లేదు. సర్కాసియన్లు అలాంటి దానికి రష్యన్ లిపిలో ఒక నిలువు గీత కలుపుకున్నారు. మీరూ ఏదో ఒక గుర్తు పెట్టుకుని నోటుబుక్కు మొదటి పేజీలో రాసేయండి, మధ్యలో మార్చకండి.

జీడి సీజన్లో వెళ్ళకండి, ఎవరికీ తీరిక ఉండదు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, శబ్దాన్ని కుదించని వేవ్ (WAV) ఫార్మాట్‌లో రికార్డు చేయండి. అనుమతి అడిగేది కూడా రికార్డులో ఉండాలి. వాళ్ళ పని మానిపిస్తున్నారు కాబట్టి రోజు కూలి ఇవ్వాల్సిందే, మొహమాటపడి టీ, బిస్కెట్లతో సరిపెట్టొద్దు. ఆ సాయంత్రమే వాళ్ళకి వినిపించి అర్థం కానివి రాసుకోండి, వారం ఆగితే మీ రాత మీకే అర్థం కాదు. ఒక కాపీ వాళ్ళింట్లో కుర్రాళ్ళ ఫోన్లో వేసి రండి.