సేవెన్ కొండల్లో శరదృతువు గ్రావెల్ రైడ్: బయల్దేరే ముందు జాగ్రత్తలు

ఫ్రాన్స్ దక్షిణ భాగంలో సేవెన్ కొండలు, వాటిని ఆనుకునే కోస్ మేజాన్ అనే సున్నపురాతి పీఠభూమి ఉన్నాయి. గ్రావెల్ సైకిల్, అంటే కంకర దారుల మీద కూడా తొక్కగల వెడల్పు టైర్ల సైకిల్, ఉన్నవాళ్లకు ఆ దేశంలో ఇంతకన్నా మంచి చోటు లేదని నా నమ్మకం. ఈ ప్రాంతంలోని లోజేర్ జిల్లా మొత్తం కలిపినా 80 వేల మంది లేరు. ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో ఇంత తక్కువ జనం ఉన్న జిల్లా మరొకటి లేదు. గంటసేపు తొక్కినా ఒక్క కారు ఎదురుపడకపోవచ్చు. మోంపెల్లియే, టూలూజ్‌లలో చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో ఉన్న మనవాళ్లకు వారాంతంలో వెళ్లిరాగల దూరమే.

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఇక్కడ ఎండ తగ్గుతుంది, గదులు దొరుకుతాయి, చెస్ట్‌నట్ అడవులు పసుపు పచ్చగా మారతాయి. కానీ వరదలు వచ్చేదీ, వేట మొదలయ్యేదీ, పొద్దు తొందరగా గుంకేదీ కూడా ఈ మూడు నెలల్లోనే. ఏదన్నా జరిగితే చూసే మనిషి దగ్గర్లో ఉండడు. అందుకే చాలా సంగతులు సైకిల్ ఎక్కకముందే తేల్చుకోవాలి.

ముందు వాన సంగతి. వేసవంతా వేడెక్కిన మధ్యధరా సముద్రం మీది తేమగాలి దక్షిణం నుంచి వచ్చి సేవెన్ కొండలకు కొట్టుకుని పైకి లేస్తుంది. అలా పుట్టిన ఉరుముల మేఘాలు కదలకుండా అక్కడే గంటల తరబడి కుమ్మరిస్తాయి. 2020 సెప్టెంబరు 19న ఎగ్వాల్ శిఖరం కింద ఉన్న వల్‌రోగ్ ఊళ్లో ఒక్క రోజులోనే దాదాపు 700 మిల్లీమీటర్లు కురిసింది. అనంతపురంలో ఏడాది పొడవునా పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. అది గుర్తుంటే ఆ రోజు సంగతి అర్థమవుతుంది.

ఇందులో అసలు ప్రమాదం ఏమిటంటే, మీరున్న చోట ఎండ కాస్తూనే ఉండొచ్చు. వాన పైన కొండ మీద పడుతుంది, నీళ్లు కింద మీ దారిలోకి వస్తాయి. లోయలు ఇరుకు, నేలంతా రాయి, ఇంకే చోటు తక్కువ. మడమల దాకా ఉన్న వాగు చూస్తుండగానే నడుము దాకా వస్తుంది. గ్రావెల్ దారులు వాగులను దాటేది చాలాచోట్ల లోలెవల్ వంతెనల మీదే. వాటిమీద నీళ్లు పారుతున్నాయంటే, అడుగు కనిపిస్తున్నా సరే, దాటొద్దు. సైకిల్ భుజాన వేసుకుని దాటేద్దాం అన్న ఆలోచన అసలే వద్దు. వెనక్కి తిరిగి 20 కిలోమీటర్లు చుట్టు తిరగాల్సి వచ్చినా తిరగండి. మన దగ్గర వాగులు దాటబోయి ఎంతమంది కొట్టుకుపోతున్నారో ప్రతి వర్షాకాలం పేపర్లో చూస్తూనే ఉన్నాం.

ఫ్రెంచి వాతావరణ సంస్థ మెతెయో-ఫ్రాన్స్ జిల్లాలవారీగా ఆకుపచ్చ, పసుపు, ఆరెంజ్, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. రోజూ ఉదయం 6 గంటలకూ, సాయంత్రం 4 గంటలకూ మ్యాప్ మారుస్తారు. సాయంత్రం మ్యాప్ చూశాకే మరుసటి రోజు రూటు ఖాయం చేసుకోండి. మీరు తొక్కే జిల్లా ఒక్కటే చూస్తే చాలదు. లోజేర్, గార్, ఎరో, ఆర్దేష్ నాలుగూ చూడండి. నదుల నీటిమట్టం కోసం విజిక్రూ అని ప్రభుత్వ సైటు వేరే ఉంది. ఆరెంజ్ ఉంటే ఆ రోజుకి సైకిల్ గదిలోనే. వానకో ఉరుములకో పసుపు ఉన్నా నేనైతే లోయ అడుగున నది వెంట వెళ్లే దారులు ఎంచుకోను. ఏటి ఒడ్డున టెంటు కూడా వేయను, ఎంత అందమైన చోటైనా సరే.

రెండోది వేట. ప్రధాన సీజన్ సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరి ఆఖరు దాకా సాగుతుంది. నేషనల్ పార్కు కదా, లోపల వేట ఉండదులే అనుకుంటారు చాలామంది. ఫ్రాన్స్‌లోని కొన్ని నేషనల్ పార్కుల ప్రధాన ప్రాంతాల్లో ఆ మాట నిజమే కానీ సేవెన్ పార్కులో నడిమధ్య కూడా వేటకు అనుమతి ఉంది. ఎక్కువగా అడవిపందుల వేట. కుక్కలు, మనుషులు కలిసి పందుల్ని ఒకవైపు తోలుతుంటే రెండోవైపు తుపాకులతో కాచుకుని ఉంటారు. దాన్ని బత్యూ అంటారు. దారి మొదట్లో "షాస్ ఆన్ కూర్" అని బోర్డు పెట్టారంటే వేట నడుస్తోందని అర్థం. బోర్డు కనపడితే మరో దారి చూసుకోండి. 2018 అక్టోబరులో ఆల్ప్స్‌లోని మోంట్రియోన్ దగ్గర మౌంటెన్ బైక్ తొక్కుతున్న ఒక బ్రిటిష్ యువకుడు వేటగాడి తూటాకు చనిపోయాడు. అందుకే ఇది నామ్‌కే వాస్తే చెప్పే జాగ్రత్త కాదు.

వేట ఏ రోజుల్లో ఉంటుందో జిల్లాను బట్టి, ఊరిని బట్టి మారుతుంది. ముందు రోజు ఊళ్లోని మేరీలో, అంటే పంచాయతీ ఆఫీసులాంటి చోట, లేదా టూరిజం ఆఫీసులో అడిగితే చెబుతారు. శని, ఆదివారాల్లో ఎక్కువ ఉంటుందని అనుకునే ప్లాన్ చేయండి. బట్టల విషయంలో ఒక మాట. సైకిల్ డ్రెస్సులు నలుపు, ముదురాకుపచ్చ, మట్టిరంగుల్లో వస్తున్నాయి, అడవిలో అవి ప్రమాదకరం. చెస్ట్‌నట్ ఆకులు పండే రోజుల్లో పసుపు జాకెట్ కూడా ఆకుల్లో కలిసిపోతుంది. ఫ్లోరసెంట్ ఆరెంజే వేసుకోండి, బ్యాగుకి కూడా ఆరెంజ్ కవర్ తొడగండి. పొదల మధ్య దారిలో మాట్లాడుకుంటూ, బెల్లు కొడుతూ వెళ్లండి. వేటగాడు ఎదురైతే ఆగి, "బోంజూర్" అని పలకరించి, "ఓన్ పె పాసే?" అని అడగండి. వెళ్లొచ్చా అని దానర్థం. ఎటునుంచి వెళ్లాలో వాళ్లే చూపిస్తారు. ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు. సైకిల్ మీద చెవిలో పెట్టుకుంటే ఫ్రాన్స్‌లో 135 యూరోల జరిమానా. డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఈ అడవుల్లో చెవులు తెరిచి ఉండటం ముఖ్యం.

కోస్ మేజాన్ మీద కష్టం వేరు. వాన పడినా నీళ్లన్నీ సున్నపురాయిలోకి ఇంకిపోతాయి. వెయ్యి మీటర్ల ఎత్తున వాగు లేదు, ఊట లేదు, చాలాచోట్ల చెట్టు కూడా లేదు. మధ్యలో రాళ్లు పరిచి కట్టిన గుండ్రటి చిన్న కుంటలు కనిపిస్తాయి. వాటిని లవోన్ అంటారు. అవి గొర్రెలు తాగడానికి కట్టినవి. దాహం ఎంత వేసినా ఆ నీళ్లు ముట్టుకోవద్దు. కొండ ఎక్కేముందు కింది ఊళ్లయిన ఫ్లోరాక్‌లోనో మేరుయేస్‌లోనో మూడు లీటర్లు నింపుకోండి. పల్లెల్లో కుళాయి దొరక్కపోతే శ్మశానం వైపు చూడండి, పూలమొక్కల కోసం అక్కడ తరచుగా ఓ కుళాయి ఉంటుంది. "ఓ నోన్ పోటాబ్ల్" అని రాసి ఉంటే అవి తాగే నీళ్లు కావు.

తిండి కూడా అంతే. కొట్లు మధ్యాహ్నం రెండు మూడు గంటలు మూసేస్తారు, ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా చాలావి తెరవరు. శనివారమే కొనిపెట్టుకోండి.

పీఠభూమి మీద గొర్రెల మందలుంటాయి. వాటికి కాపలాగా పాటూ అనే పెద్ద తెల్ల కుక్కలు ఉండొచ్చు. మీదికి వస్తే సైకిల్ దిగి, దాన్ని మీకూ కుక్కకూ మధ్య అడ్డం పెట్టుకుని, అరవకుండా, కళ్లలోకి చూడకుండా నెమ్మదిగా నడవండి. మందను చుట్టేసి వెళ్లండి, మధ్యలోంచి కాదు. తీసిన గేటు మళ్లీ వేయండి. దారికి అడ్డంగా కరెంటు కంచె తీగ ఉంటే దాని ప్లాస్టిక్ పిడి మాత్రమే పట్టుకోవాలి.

ఇక బ్రేకులు. మన మోటార్ సైకిళ్లకు ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది. ఫ్రాన్స్‌లో సైకిళ్లకు ముందు బ్రేకు ఎడమచేతికి. అద్దె సైకిల్ తీసుకుంటే షాపు ముందే కాసేపు తొక్కి చేతికి అలవాటు చేసుకోండి. కంకర దిగుడులో ఉలిక్కిపడి నొక్కితే చేయి పాత అలవాటునే పట్టుకుంటుంది, ముందు చక్రం జారిందంటే మనిషి కింద ఉంటాడు. ఎగ్వాల్ శిఖరం ఎత్తు 1,565 మీటర్లు. అక్కణ్ణుంచి వల్‌రోగ్‌కు దిగితే 1,200 మీటర్ల దిగుడు. తడి ఇసుకతో బ్రేక్ ప్యాడ్లు ఒక్క రోజులోనే అరిగిపోవచ్చు, ఒక సెట్టు అదనంగా పెట్టుకోండి. శిఖరం మీద ఏడాదిలో 200 రోజులకు పైగా పొగమంచే. కింద కన్నా 7, 8 డిగ్రీలు చల్లగా ఉంటుంది. నిండు వేళ్ల గ్లవ్స్, విండ్‌చీటర్ శిఖరం మీదే వేసుకుని దిగండి. చల్లబడిన వేళ్లతో బ్రేకు సరిగ్గా పడదు.

అక్టోబరులో చెస్ట్‌నట్ దారుల మీద రాలిన ఆకులు, వాటి కింద కాయల ముళ్ల తొక్కలు, ఆ కింద గుండ్రటి కాయలు, ఇంకా కింద పదునైన పలకరాయి. పైకి మెత్తటి దారిలా కనిపిస్తుంది కానీ మలుపులో చక్రం కాయల మీదే దొర్లుతుంది. 40 మిల్లీమీటర్లకు తగ్గని ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ ప్లగ్గులు, విడిగా ఒక ట్యూబు, టైరు పక్క చిరిగితే లోపల పెట్టడానికి చిన్న టైరు ముక్క దగ్గరుంచుకోండి. అన్నట్టు, ఆ చెట్లకు యజమానులున్నారు, కాయలు ఏరుకోవద్దు.

లైట్లు పగలు కూడా ఉండాలి. ఫ్లోరాక్ నుంచి మిమాంత్ లోయలో పాత రైలు దారి మీద హాయిగా తొక్కొచ్చు, కానీ దార్లో సొరంగాలు తగులుతాయి. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచే సాయంత్రం 5:40కే పొద్దు గుంకుతుంది, లోయల అడుగున ఇంకా ముందే చీకటి. రూటు ఎంత పొడవో చూసుకోవడం కన్నా మధ్యలో ఎక్కడెక్కడ తారురోడ్డెక్కి ఊళ్లోకి దిగొచ్చో మ్యాప్‌లో గుర్తుపెట్టుకోవడం మేలు. ఎక్కడున్నా సరే మధ్యాహ్నం రెండింటికి వెనక్కి తిరగాలని ముందే అనుకోండి.

లోయల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో బస దగ్గర కాగితం మీద రాసి ఇవ్వండి. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి. ప్రమాదం జరిగితే 112కి ఫోన్ చేయాలి. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే ఈ కాల్ వెళుతుంది. ముందుగా అడిగేది కమ్యూన్ పేరు, అంటే మీరున్న ఊరి పరిధి. ఊరి పొలిమేరలో బోర్డు దాటినప్పుడల్లా ఆ పేరు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత మ్యాప్‌లోని అక్షాంశ రేఖాంశాలు చదివి చెప్పండి, అవతలివాళ్లు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టేయొద్దు.