డిప్రెషన్ మాత్రలు మానేటప్పుడు చివరి అయిదు మిల్లీగ్రాముల దగ్గర తొందరపడకండి

మొదటిసారి నేను చేసిన పని ఏంటంటే, ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేయడం. ఆరేడు నెలలుగా బాగానే ఉన్నాను, నిద్ర పడుతోంది, పని చేసుకుంటున్నాను, ఇంకా ఎందుకు ఇది అనిపించింది. వాడుతున్నది వెన్లాఫాక్సిన్. రెండో రోజు సాయంత్రానికి తల తేలిపోతున్నట్టుంది. మూడో రోజు పొద్దున పడుకునే గడియారం వైపు కళ్ళు తిప్పాను, తల కదపలేదు, కళ్ళు మాత్రమే, పుర్రె లోపల సన్నటి కరెంటు తీగ తగిలినట్టు జివ్వుమంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ జివ్వుమంది. మధ్యాహ్నానికి కారణం లేకుండా ఏడుపు. ఇంకేముంది, జబ్బు తిరగబెట్టిందని ఖాయం చేసేసుకున్నాను. డాక్టర్‌కి ఫోన్ చేస్తే నాలుగు చీవాట్లు పెట్టి, ఆపిన డోసే మళ్ళీ మొదలుపెట్టమన్నారు. మర్నాటికి సగం తగ్గింది, ఆ పైరోజుకి అంతా మామూలే. జబ్బయితే రెండు రోజుల్లో పోదు కదా, అది మందు ఆపిన ప్రభావం. రెండోసారి పద్ధతిగా తగ్గించాను, దాదాపు ఏడాది పట్టింది. అప్పుడు తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. మీ డోసు ఎంత, ఎప్పుడు తగ్గించాలి అన్నది మాత్రం మందు రాసిన డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిందే.

అసలు ఇప్పుడు మానొచ్చా అన్నది మొదటి ప్రశ్న. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్ళు పూర్తిగా బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించాలని మామూలుగా చెప్తారు. రెండు మూడు సార్లు వచ్చిపోయినవాళ్ళకి రెండేళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువ. బాగుందని మానేయడానికీ, మందు వల్లే బాగుందని గుర్తుపెట్టుకోవడానికీ మధ్య తేడా చిన్నదేం కాదు. 2021లో వచ్చిన యాంట్లర్ అనే బ్రిటిష్ ట్రయల్‌లో, చాలాకాలంగా మందు వాడుతూ బాగున్నవాళ్ళలో మానేసిన వర్గంలో ఏడాదిలోపు 56 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, కొనసాగించిన వర్గంలో 39 శాతం మందికి. అంటే రిస్క్ నిజమే, అలాగని మానేసిన అందరికీ తిరగబెడుతుందనీ కాదు. ఉద్యోగం మారుతున్నప్పుడు, ఇంట్లో ఎవరో పోయినప్పుడు, పరీక్షల ముందు మొదలుపెట్టకండి. గర్భం వచ్చిందని తెలిసిన రోజే భయపడి ఆపేసేవాళ్ళున్నారు, అది అస్సలు వద్దు, ముందు డాక్టర్‌ని కలవండి. బైపోలార్, అంటే దిగులూ విపరీతమైన ఉత్సాహమూ మారిమారి వచ్చే జబ్బు, ఉన్నవాళ్ళ లెక్క వేరే, వాళ్ళకి ఈ వ్యాసం సరిపోదు.

ఇది వ్యసనమా అని చాలామంది అడుగుతారు. కాదు. ఈ మాత్రల కోసం నాలుక పీకదు, డోసు పెంచుకుంటూ పోవాలనిపించదు. కానీ నెలల తరబడి మనసు తీరుతో ముడిపడిన సెరటోనిన్ అనే రసాయనం ఎక్కువగా అందుబాటులో ఉండటానికి మెదడు అలవాటుపడి తనని తాను సర్దుకుంటుంది, మందు ఒక్కసారిగా తీసేస్తే మళ్ళీ సర్దుకోవడానికి దానికి టైమ్ కావాలి. ఆ సందులో వచ్చేవే ఈ బాధలన్నీ. మందు ఒంట్లోంచి ఎంత వేగంగా పోతే అంత గట్టిగా తగులుతాయి. వెన్లాఫాక్సిన్, పారాక్సెటిన్ ఈ విషయంలో పేరుమోసినవి. ఫ్లూఆక్సెటిన్ వారాల తరబడి ఒంట్లో ఉండి మెల్లగా దిగుతుంది కాబట్టి సాధారణంగా తేలిక, కాకపోతే లక్షణాలు రావాల్సి ఉంటే ఆలస్యంగా, ఆపిన రెండు మూడు వారాలకి రావచ్చు, అప్పటికి మందు సంగతే మర్చిపోయి ఉంటాం. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ మధ్యలో ఉంటాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. చాలామందికి చెప్పే పద్ధతి ఏంటంటే 20 నుంచి 10, 10 నుంచి 5, తర్వాత సున్నా. కాగితం మీద బాగానే కనిపిస్తుంది. కానీ మందు మెదడులో చేసే పని మిల్లీగ్రాములతో సమానంగా తగ్గదు. 2019లో మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో దీని గురించి రాశారు. ఉదాహరణకి సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందునే చూడండి: 40 మి.గ్రా. వేస్తే సెరటోనిన్‌ని వెనక్కి లాగే ట్రాన్స్‌పోర్టర్లలో సుమారు 86 శాతం మూసుకుంటాయి. సగానికి, అంటే 20కి తగ్గిస్తే 80 శాతం. ఇరవై మిల్లీగ్రాములు తీసేసినా పోయింది ఆరు శాతమే! అదే 5 మి.గ్రా. దగ్గర ఇంకా 60 శాతం దాకా మూసుకునే ఉంటాయి. అక్కడి నుంచి సున్నాకి వెళ్ళడమంటే ఆ మొత్తం ఒకేసారి వదిలేయడం. పైన మెట్లు చిన్నవి, అడుగున గోడ దూకడమే. 'సగం దాకా హాయిగా వచ్చేశాను, ఆఖరి చిన్న ముక్క దగ్గరే చచ్చాను' అని జనం అనేది ఇందుకే, వాళ్ళ మనోబలం తక్కువై కాదు.

అందుకని ప్రతిసారీ ఇన్ని మిల్లీగ్రాములని కాకుండా, ఇప్పుడు వాడుతున్న డోసులో ఇంత శాతం అని తగ్గించడం మేలు. కొన్ని నెలలే వాడినవాళ్ళకి మొదట్లో పావు వంతు, కొందరికి సగం కూడా తగ్గించొచ్చు. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకీ, ఇదివరకు ఆపి దెబ్బతిన్నవాళ్ళకీ నెలకి పది శాతం దగ్గర మొదలుపెట్టడం మంచిది. ఒక మెట్టు దిగాక రెండు నుంచి నాలుగు వారాలు అక్కడే ఆగాలి, ఒళ్ళు కుదుటపడ్డాకే తర్వాతి మెట్టు. క్యాలెండర్‌లో తేదీ వచ్చింది కదా అని దిగొద్దు. చివర్లో 1 మి.గ్రా., అర మి.గ్రా. లాంటి డోసులు కూడా అవసరం కావచ్చు, చూడ్డానికి నవ్వులాటలా ఉంటుంది గానీ నాకైతే అవే కాపాడాయి.

అంత చిన్న డోసు మాత్ర విరిస్తే రాదు. చాలా మందులకి ద్రవరూపం ఉంటుంది, దాన్ని సిరంజితో కొలుచుకోవచ్చు, ముందు దాని గురించే డాక్టర్‌ని అడగండి. మామూలు మాత్రయితే మాత్రలు కోసే పరికరంతో నాలుగు ముక్కల దాకా పర్లేదు, ముక్కలు సమానంగా రావు, అంతకంటే పెద్దగా ఆశించొద్దు. మెల్లగా విడుదలయ్యే మాత్రల్ని మాత్రం కోయొద్దు, నలపొద్దు, లోపలి మందంతా ఒకేసారి వదిలేస్తాయి. గుళికలున్న క్యాప్సూల్ విప్పి గింజలు లెక్కపెట్టేవాళ్ళూ ఉన్నారు, మీ మందుకి అది కుదురుతుందో లేదో ఫార్మసిస్ట్ చెప్పాకే చేయండి. ఇంకోటి, రోజు విడిచి రోజు వేసుకోవడం. డోసు తగ్గినట్టే అనిపిస్తుంది కానీ వెన్లాఫాక్సిన్ లాంటి దాన్ని అలా వాడితే ఒంట్లో మందు ఒకరోజు పైకి ఒకరోజు కిందికి ఊగుతుంది, రోజూ కొంచెం కొంచెంగా ఆపి మొదలుపెట్టినట్టే లెక్క. ఏ డోసైనా ప్రతిరోజూ ఒకే టైమ్‌కి.

ఎంత జాగ్రత్తపడ్డా కొన్ని రావచ్చు. కళ్ళు తిరగడం, వికారం, తలలో ఆ షాకులు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, పడితే సినిమాలంత స్పష్టమైన కలలు, చిన్నదానికీ చిరాకు, జలుబు చేసినట్టు ఒళ్ళు నొప్పులు. 2024లో లాన్సెట్ సైకియాట్రీలోనే వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో మందు ఆపినవాళ్ళలో సుమారు 31 శాతం మందికి ఏదో ఒక లక్షణం కనిపించింది, ఉత్తుత్తి మాత్ర ఆపినవాళ్ళలో కూడా 17 శాతం మందికి కనిపించింది. తీవ్రంగా బాధపడింది 35 మందిలో ఒకరు. అయితే ఆ ట్రయల్స్‌లో చాలావరకు కొద్ది నెలలే వాడినవాళ్ళు, కాబట్టి ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళు ఈ అంకెలు చూసి మరీ ధైర్యపడిపోకండి.

షాకులకి మందంటూ ఏమీ లేదు, కళ్ళూ తలా మెల్లగా తిప్పితే తగ్గుతాయి, ప్రమాదమైతే కాదు. కళ్ళు తిరుగుతున్న రోజుల్లో బండి తీయొద్దు. వికారానికి ఖాళీ కడుపుతో ఉండకుండా కొంచెం కొంచెం తినడం నాకు పనిచేసింది. నిద్ర కోసం మద్యం తాగడం మొదలుపెడితే ఒక గొయ్యి నుంచి ఇంకో గొయ్యిలోకే, నిద్రమాత్రలు సొంతంగా వేసుకోవడమూ అంతే. తలనొప్పికి ఐబుప్రొఫెన్ కన్నా పారాసిటమాల్ మేలు, ఎందుకంటే ఈ మాత్రలతో ఐబుప్రొఫెన్ కలిస్తే రక్తస్రావం రిస్క్ పెరుగుతుంది. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోండి, 'ఈ రెండు వారాలు నేను అరిస్తే అది మాత్ర అరుపు' అని. నేను చెప్పాను, ఒకటి రెండు గొడవలైతే తప్పాయి.

జబ్బా, మందు ఆపిన ప్రభావమా అని తేల్చుకోవడానికి ఒక చిన్న నోట్‌బుక్ చాలు. తేదీ, డోసు, నిద్ర ఎన్ని గంటలు, మనసు పదికి ఎంత, ఒంట్లో ఏముంది. డోసు తగ్గించిన కొద్ది రోజుల్లోనే మొదలై, షాకులూ కళ్ళు తిరగడం లాంటి ఒంటి లక్షణాలతో కలిసి, అలల్లా వచ్చిపోతూ ఉంటే అది ఎక్కువగా మందు సంగతే. వారాలో నెలలో గడిచాక మెల్లగా, రోజు రోజుకీ బరువెక్కుతూ, దేని మీదా ఆసక్తి లేకుండా పోతుంటే పాత జబ్బు గురించి ఆలోచించాలి. భరించలేకపోతే డాక్టర్‌కి చెప్పి క్రితం డోసుకి వెనక్కి వెళ్ళండి, అక్కడ నిలదొక్కుకుని ఈసారి ఇంకా చిన్న మెట్టు వేయండి. నేను రెండుసార్లు వెనక్కి వెళ్ళాను.

చచ్చిపోవాలనిపించినా, ఒకచోట కూర్చోలేనంతగా లోపల ఏదో తరుముతున్నట్టున్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన ఉత్సాహం వచ్చినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి, అందుబాటులో లేకపోతే దగ్గర్లోని అత్యవసర విభాగానికి వెళ్ళండి, ఒంటరిగా ఉండకండి.

సున్నాకి చేరాక నోట్‌బుక్ మూసేయొద్దు, ఇంకో ఆరు నెలలు వారానికోసారైనా రాయండి. నాదాంట్లో సున్నా తర్వాత తొమ్మిదో వారంలో ఒక పేజీ ఉంది: 'కళ్ళు తిప్పి చూశాను, ఏం లేదు' అని. దాని కిందే ఇంకో లైను, 'మళ్ళీ తిప్పాను' అని.