సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో మాస్టర్స్: లెక్కను చివరిదాకా చేయడం నేర్చుకునే పద్ధతి

సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో మాస్టర్స్ డిగ్రీకి చేరే విద్యార్థి మొదట గ్రహించవలసిన విషయం ఒకటుంది. ఒక సిద్ధాంతం గురించి బాగా మాట్లాడగలిగినంత మాత్రాన అది వచ్చినట్టు కాదు. దాని మూల సూత్రాలతో మొదలుపెట్టి, ప్రయోగంతో పోల్చదగిన ఒక సంఖ్య వచ్చేవరకు లెక్కను సొంతంగా చేయగలిగినప్పుడే అది వచ్చినట్టు. కోర్సుల ఎంపికనూ రోజువారీ అభ్యాసాన్నీ ఈ దృష్టితోనే అమర్చుకోవాలి.

రేఖీయ బీజగణితం, అవకలన సమీకరణాలు, ఫోరియర్ పరివర్తనలు, సంకీర్ణ చలరాశి ప్రమేయాలు తరగతులు మొదలయ్యేలోపే చేతికి అలవాటై ఉండాలి. సౌష్ఠవాలను వర్ణించే గ్రూప్ సిద్ధాంతం, వక్ర తలాలను వర్ణించే అవకలన జ్యామితి అలా కాదు; వాటిని క్వాంటం మెకానిక్స్, సాధారణ సాపేక్షతా సిద్ధాంతాలతో పాటే నేర్చుకోవచ్చు. గణితమంతా పూర్తయ్యాకే భౌతికశాస్త్రం మొదలుపెడతామనుకునేవారికి ఆ రోజు ఎప్పటికీ రాదు.

కోర్సులలో చాలామంది తొందరగా దాటేసేది సంప్రదాయ యాంత్రికశాస్త్రం. బలాలకు బదులు శక్తులతో చలనాన్ని లెక్కించే లగ్రాంజియన్, హామిల్టోనియన్ పద్ధతులు ఇక్కడ స్థిరపడకపోతే క్వాంటం క్షేత్ర సిద్ధాంతంలో ప్రతి పుటా కష్టమవుతుంది. వ్యవస్థకున్న ప్రతి నిరంతర సౌష్ఠవం వెనుకా ఒక నిత్యత్వ నియమం (ఏదో ఒక రాశి కాలంతో మారదనే నియమం) ఉంటుందని 1918లో ఎమ్మీ నోథర్ ప్రచురించిన సిద్ధాంతాన్ని ఈ దశలోనే సొంతంగా నిరూపించి చూడాలి.

కోర్సులన్నింటినీ కలిపి చూడడానికి నేను గట్టిగా సూచించే మార్గం, హైడ్రోజన్ పరమాణువును ప్రతి దశలోనూ మళ్లీ సాధించడం. 1913లో బోర్ ఇచ్చిన నమూనాతో 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల బంధన శక్తి వస్తుంది. 1926 నాటి ష్రోడింగర్ సమీకరణంతోనూ అవే శక్తి స్థాయులు వస్తాయి. కానీ వేర్వేరు కోణీయ ద్రవ్యవేగాలున్న స్థితులకు ఒకే శక్తి ఎందుకుండాలన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. గ్రహకక్ష్యల లెక్కలో దీర్ఘవృత్తపు దిశను స్థిరంగా ఉంచే లాప్లాస్-రుంగే-లెంజ్ సదిశే ఇక్కడా దాగి ఉన్న సౌష్ఠవానికి మూలమని తెలిసినప్పుడు సంప్రదాయ యాంత్రికశాస్త్రమూ గ్రూప్ సిద్ధాంతమూ ఒకచోట కలుస్తాయి. 1928 నాటి డిరాక్ సమీకరణం సూక్ష్మ నిర్మాణాన్ని, అంటే శక్తి స్థాయులలోని చిన్న చీలికలను, వివరించినా, రెండవ స్థాయిలోని రెండు స్థితులకు ఒకే శక్తి ఉండాలని చెబుతుంది. 1947లో లాంబ్, రెథర్‌ఫర్డ్ కొలిచినప్పుడు వాటి మధ్య సుమారు 1,000 మెగాహెర్ట్జ్ తేడా కనిపించింది. ఆ తేడాలో అధిక భాగాన్ని అదే ఏడాది బేతే లెక్కించి చూపాడు. ఈ వరుసను సొంత చేతితో చేసుకుంటూ వచ్చిన విద్యార్థికి పునఃసామాన్యీకరణ (లెక్కల్లో వచ్చే అనంతాలను తొలగించే పద్ధతి) ఏ అవసరం నుంచి పుట్టిందో వేరుగా చెప్పనక్కరలేదు.

రోజువారీ అభ్యాసంలో పాఠం చదివాక పుస్తకం మూసి, ఖాళీ కాగితంపై సూత్రాన్ని రాబట్టే మెట్లన్నీ రాయాలి. ఆగిపోయిన చోటు గుర్తుపెట్టుకుని, కొంతసేపు సొంతంగా ప్రయత్నించిన తరువాతే పుస్తకం తెరవాలి. జవాబు వచ్చాక దాన్ని పరీక్షించకుండా వదలకూడదు: రెండు వైపులా మితులు (పొడవు, కాలం, ద్రవ్యరాశి ఘాతాలు) సరిపోతున్నాయా, కాంతివేగాన్ని అనంతం చేస్తే న్యూటన్ ఫలితం వస్తోందా, సమస్యలో ఉన్న సౌష్ఠవం జవాబులోనూ ఉందా అని చూడాలి. 2πతో భాగించిన ప్లాంక్ స్థిరాంకాన్నీ (ħ) కాంతివేగాన్నీ 1గా తీసుకునే సహజ ప్రమాణాలలో పనిచేసేటప్పుడు, మామూలు ప్రమాణాలలో వాటి లబ్ధం సుమారు 197 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్-ఫెమ్టోమీటర్లని గుర్తుంటే చాలు. ద్రవ్యరాశి సుమారు 140 మెగా ఎలక్ట్రాన్ వోల్టులున్న పయాన్ అనే కణం మోసే కేంద్రక బలం సుమారు 1.4 ఫెమ్టోమీటర్ల దూరం వరకే ప్రభావం చూపుతుందని ఒక్క భాగహారంతో తేలుతుంది. స్థలకాలంలో దూరాన్ని కొలిచే మెట్రిక్‌లోని ధన, రుణ గుర్తులు పుస్తకానికో రకంగా ఉంటాయి కాబట్టి, ఏ సంప్రదాయం వాడుతున్నారో నోట్సు మొదటి పుటలోనే రాసుకోవాలి.

కంప్యూటర్ పనిని తక్కువగా చూడవద్దు. చతురస్ర జాలకంపై ఐసింగ్ నమూనాకు (అయస్కాంతత్వానికి ఒక సరళ నమూనా) మాంటీ కార్లో ప్రోగ్రాం, అంటే యాదృచ్ఛిక సంఖ్యలతో లెక్కించే ప్రోగ్రాం, రాయడం మంచి ఆరంభం. 1944లో ఆన్సాగర్ ఈ నమూనాను కచ్చితంగా సాధించాడు కాబట్టి, అంతఃచర్య బలాన్ని బోల్ట్జ్‌మన్ స్థిరాంకంతో భాగించిన ప్రమాణంలో సంక్రమణ ఉష్ణోగ్రత 2.269 దగ్గర రాకపోతే తప్పు ప్రోగ్రాంలోనో, జాలకం మరీ చిన్నది కావడంలోనో ఉందని వెంటనే తెలుస్తుంది.

ప్రాజెక్టు విషయంలో అంశం పేరుకున్న ఆకర్షణకన్నా మార్గదర్శకుడు ఇవ్వగల సమయం ముఖ్యం. వారానికి ఎన్నిసార్లు కలుస్తారో, మొదటి నెలలో ఏ లెక్క చేయమంటారో ముందే అడగడంలో తప్పు లేదు. ఆయన దగ్గర ఇప్పటికే పనిచేస్తున్న విద్యార్థులతోనూ మాట్లాడాలి. ఆపై ఆ రంగంలో ఒకే ఒక్క పరిశోధనా పత్రాన్ని ఎంచుకుని, అందులో "సులభంగా చూపవచ్చు" అని వదిలేసిన మెట్లన్నీ పూరించాలి. 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్ (arXiv) అనే ఆన్‌లైన్ పత్రాల భాండాగారంలో పత్రాల పాత, కొత్త రూపాలు రెండూ దొరుకుతాయి. సరిదిద్దిన రూపం ఉందేమో చూడకుండా ధన, రుణ గుర్తు తేడా మీద వారాలు గడపవద్దు. ఇలా పూరించిన మెట్లను థీసిస్ అనుబంధంలో పూర్తిగా ఇస్తే, పరీక్షకులు మీ ఫలితాన్ని వరుసవారీగా సరిచూడగలుగుతారు.