టీమ్‌గా త్రీడీ గేమ్ ప్రాజెక్ట్ మొదలుపెట్టేముందు ఇవి చూస్కోండి

ప్రాజెక్ట్ పాడయ్యేది చాలాసార్లు మొదటి మీటింగ్‌లోనే. ఒకళ్ళు ఓపెన్ వరల్డ్ అంటారు, ఇంకొకళ్ళు ఆన్‌లైన్ మల్టీప్లేయర్ అంటారు, మూడోవాళ్ళు "నేను స్టోరీ రాస్తా" అంటారు (ఈ మూడో మనిషిని కాస్త కనిపెట్టి ఉండండి, స్టోరీ రెండు రోజుల్లో అయిపోతుంది, తర్వాత మనిషి కనపడడు). మల్టీప్లేయర్ మాత్రం మొహమాటపడకుండా కొట్టేయండి. అది చివర్లో అతికించే ఫీచర్ కాదు, మొదటి లైన్ నుంచీ కోడ్ అంతా దానికి తగ్గట్టే రాయాలి. ఒక గది, ఒక క్యారెక్టర్, ఆడటానికి ఒకే ఒక పని, అది కూడా బొమ్మల్లేకుండా ఉత్త డబ్బాలతో మొదటి వారంలోనే నడవాలి. అందంగా లేదని ఎవరైనా గొణిగితే గొణగనివ్వండి.

ఇక అసలు గండం గిట్ (అందరి ఫైళ్ళనీ, మార్పుల్నీ దాచి కలిపే టూల్) దగ్గరుంది. అందరూ మ్యాథ్స్ చూసి భయపడతారు గానీ మా టీమ్‌ని ఏడిపించింది సీన్ ఫైలే (గేమ్‌లో ఒక చోట ఏ వస్తువు ఎక్కడుందో రాసిపెట్టే ఫైల్). ఇద్దరం ఒకే రాత్రి ఒకే సీన్‌లో పనిచేశాం, నేను లైట్లు పెట్టా, మావాడు తలుపులు పెట్టాడు, పొద్దున మెర్జ్ చేస్తే (ఇద్దరి మార్పులూ కలిపితే) కాన్‌ఫ్లిక్ట్, అంటే రెండిట్లో ఏది ఉంచాలో గిట్‌కి తెలీలేదు, ఏదో ఒకటి ఉంచుదాంలే అని నొక్కేస్తే తలుపులన్నీ మాయం. తప్పు మాదే. యూనిటీలో (ఇదొక ఇంజిన్, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) సీన్ ఫైల్ పేరుకి టెక్స్టే అయినా వేల లైన్లుంటుంది, చేత్తో కలపడం అంటే నరకం. అన్‌రియల్‌లో (ఇంకో ఇంజిన్) అయితే అసెట్లు (గేమ్‌లో వాడే మోడల్స్, లెవెల్స్ లాంటివి) బైనరీ ఫైళ్ళు, అంటే చదవగలిగే టెక్స్ట్ కాదు, కలపడం అనే మాటే లేదు, ఒకళ్ళు పట్టుకుంటే ఇంకొకళ్ళు ముట్టుకోకుండా లాక్ పెట్టుకోవాలి. అందుకే లెవెల్‌ని ముక్కలు చేసి ప్రీఫాబ్‌లుగా (విడి ఫైల్‌లో దాచుకుని మళ్ళీ వాడుకునే ముక్కలుగా) పంచుకోండి, మెయిన్ సీన్ తెరిచేముందు గ్రూప్‌లో "నేను తెరుస్తున్నా" అని ఒక మెసేజ్ పడేయండి.

గిట్ ఇగ్నోర్ ఫైల్ (గిట్ వేటిని పట్టించుకోకూడదో చెప్పే లిస్టు) మొదటి కమిట్‌కి, అంటే మార్పుల్ని గిట్‌లో మొదటిసారి సేవ్ చెయ్యడానికి, ముందే ఉండాలి. యూనిటీ వాడేవాళ్ళు లైబ్రరీ ఫోల్డర్ ఎక్కించొద్దు, మెటా ఫైళ్ళు (ప్రతి ఫైల్‌కీ యూనిటీ పక్కన పెట్టుకునే గుర్తింపు చీటీలు) మాత్రం తప్పకుండా ఎక్కించాలి, అవి మర్చిపోతే పక్కవాళ్ళ మెషీన్‌లో లింకులన్నీ తెగి మెటీరియల్స్ గులాబీ రంగులో పలకరిస్తాయి. గిట్‌హబ్ (గిట్ ప్రాజెక్టులు ఉంచుకునే సైట్) 100 ఎంబీ దాటిన ఫైల్‌ని తీసుకోదు, కమిట్ చేసేశాక డిలీట్ కొట్టినా పాత హిస్టరీలో అది అలాగే కూర్చుంటుంది కాబట్టి ఎల్‌ఎఫ్‌ఎస్ (పెద్ద ఫైళ్ళని విడిగా దాచే గిట్ సదుపాయం) ముందే పెట్టుకోండి. ఇంజిన్ వెర్షన్ అందరిదీ చివరి అంకెతో సహా ఒకటే ఉండాలి, మధ్యలో ఎవరూ అప్‌డేట్ నొక్కకూడదు.

మోడల్స్ చేసేవాళ్ళతో ముందే కూర్చోండి. బ్లెండర్‌లో (మోడల్స్ చేసే సాఫ్ట్‌వేర్) పైకి అంటే జెడ్, యూనిటీలో పైకి అంటే వై. యూనిటీలో ఒక యూనిట్ అంటే ఒక మీటరు, అన్‌రియల్‌లో సెంటీమీటరు. ఇది మాట్లాడుకోకపోతే కుర్చీ బోర్లా పడుకుని వస్తుంది, లేదా బిల్డింగంత వస్తుంది. ఎక్స్‌పోర్ట్‌కి ముందు కంట్రోల్ ఏ కొట్టి స్కేల్ అప్లై చెయ్యడం, నార్మల్స్ (ప్రతి ఉపరితలం ఎటు చూస్తుందో చెప్పే దిశలు) బయటికి తిరిగున్నాయో లేదో చూడటం అలవాటు చేసుకోమనండి, లేకపోతే గోడలో కన్నాలు కనిపిస్తాయి.

కోడ్‌లో అందరూ పడే గొయ్యి డెల్టా టైమ్, అంటే పోయిన ఫ్రేమ్ నుంచి ఈ ఫ్రేమ్‌కి గడిచిన టైమ్. కదలికని దాంతో గుణించకపోతే 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 ఫ్రేమ్‌లు) లాప్‌టాప్‌లో పరిగెత్తే హీరో 30 ఎఫ్‌పీఎస్ దాంట్లో సగం స్పీడుతో నడుస్తాడు. అలాగని మౌస్ కదలికని కూడా గుణించేయకండి, అది ఆ ఫ్రేమ్‌లో ఎంత కదిలిందో అంతే వస్తుంది. బుల్లెట్ సంగతి ఇంకోటి. యూనిటీలో ఫిజిక్స్ మామూలుగా 0.02 సెకన్లకోసారి నడుస్తుంది, సెకనుకి 100 మీటర్లు పోయే బుల్లెట్ ఒక్క స్టెప్‌లో 2 మీటర్లు దూకేస్తుంది, మధ్యలో ఉన్న పల్చటి గోడ దానికి కనపడదు, అందుకే అలాంటివాటికి రేకాస్ట్ (కనపడని గీత వేసి దారిలో ఏం తగులుతుందో చూడటం) వాడండి. కెమెరా పైకీ కిందకీ తిరిగే కోణాన్ని మీ సొంత వేరియబుల్‌లో దాచుకోండి, ఇంజిన్‌ని అడిగితే మైనస్ 10 ఇచ్చిన చోట 350 అని తిరిగిచ్చి మీ క్లాంప్‌ని (కోణం దాటకుండా పెట్టిన హద్దుని) తలకిందులు చేస్తుంది. రొటేషన్‌లు కలపడానికి క్వాటర్నియన్లే (రొటేషన్‌ని నాలుగు అంకెలతో రాసే పద్ధతి) వాడండి, లోపలి లెక్క పూర్తిగా అర్థమయ్యేదాకా ఆగక్కర్లేదు.

టెక్స్చర్ల (మోడల్స్ మీద అతికించే బొమ్మల) విషయంలో ఆశ వద్దు. 4096 బై 4096 సైజుది కంప్రెస్ చెయ్యకపోతే ఒక్కటే 64 ఎంబీ మెమరీ తింటుంది, మూలనున్న చెత్తబుట్టకి అంత అవసరమా? 60 ఎఫ్‌పీఎస్ కావాలంటే ఒక ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లే టైమ్, టెస్టింగ్ ఎప్పుడూ టీమ్‌లో అన్నిటికన్నా డొక్కు లాప్‌టాప్ మీద చెయ్యండి. నెట్‌లోంచి దించిన మోడల్స్, సౌండ్స్ లైసెన్సు ఏంటో దించిన రోజే ఒక ఫైల్‌లో రాసి పెట్టుకోండి, చివర్లో ఎవరికీ గుర్తుండదు.

వారానికోసారి ఎడిటర్‌లో కాకుండా బిల్డ్ (ఇంజిన్ తెరవకుండా విడిగా నడిచే గేమ్) తీసి వేరే మెషీన్‌లో ఆడి చూడండి. ఎడిటర్‌లో బ్రహ్మాండంగా నడిచింది బిల్డ్‌లో తెరుచుకోకపోవడం మామూలే, సీన్‌ని బిల్డ్ లిస్టులో పెట్టడం మర్చిపోయుంటారు, లేదా ఎడిటర్‌కి మాత్రమే పనికొచ్చే కోడ్ మామూలు స్క్రిప్టులో ఉండిపోయుంటుంది. ఆఖరి వారం కొత్త ఫీచర్ అన్న మాట ఎత్తనివ్వకండి, బగ్గులే. డెమోకి ముందురోజు గేమ్ ఆడుతూ ఒక వీడియో రికార్డ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, ప్రొజెక్టర్ ముందు ఏమవుతుందో ఎవరు చూడొచ్చారు.