లాబ్రడార్‌కు తెచ్చిచ్చే పని నేర్పడం: చేలో ఇద్దరి పాత్ర

వేరుశనగ పీకి, కట్టె వామికి చేరిన తరువాత అనంతపురం జిల్లాలోని ఎర్రచేలు ఖాళీగా, చదునుగా ఉంటాయి. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ వంటి కుక్కలకు విసిరిన వస్తువును వెతికి తెచ్చి చేతికివ్వడం నేర్పడానికి మన ప్రాంతంలో ఇంతకంటే అనువైన కాలం లేదు. తుపాకీ దెబ్బకు నేలకూలిన పక్షిని నలపకుండా యజమాని చేతికి అందించే పనికోసమే ఈ జాతులను బ్రిటన్‌లో తీర్చిదిద్దారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కౌజునైనా, కుందేలునైనా వేటాడటం నేరం కాబట్టి ఇక్కడ పక్షికి బదులు గుడ్డమూటతోనే సాధన చేయాలి. కుక్కకు కావలసింది వెతకడం, దొరికించుకోవడం, తెచ్చివ్వడం. ఆ మూడూ మూటతో సంపూర్ణంగా దక్కుతాయి.

ఈ పనికి ఒక మిత్రుడు తోడు ఉండాలని నేను పట్టుబట్టి చెబుతాను. చాలామంది మిత్రుడిని దూరం నుంచి మూట విసరడానికే పిలుస్తారు. విసరడం ఎవరైనా చేయగలరు. మిత్రుడి అసలు పని, కుక్క ఆజ్ఞ లేకుండా పరుగు తీసినప్పుడు దానికంటే ముందే మూటను ఎత్తుకోవడం. ఆజ్ఞ తప్పిన పరుగుకు ఒక్కసారి మూట దొరికిందంటే, కుక్కకు అంతకు మించిన బహుమానం లేదు. ఆ అలవాటును మాన్పించడానికి తరువాత నెలలు పడుతుంది. ఒంటరిగా నేర్పేవారు యాభై అడుగుల దూరంలో ఉన్న మూట దగ్గరకు కుక్కకంటే ముందు చేరుకోలేరు. అందుకే మిత్రుడు తాను విసిరిన మూట పడే చోటికి నాలుగు అడుగుల దూరంలోనే నిలబడాలి. విసిరిన వాటిలో సగం మూటలను, కుక్క కదలకుండా కూర్చుని చూస్తుండగా, తానే నడిచి వెళ్లి ఎత్తుకోవాలి. పడిన ప్రతి మూటా తనది కాదని గ్రహించిన కుక్క నిదానంగా కూర్చుంటుంది.

మూటను ఇంట్లోనే కుట్టుకోవచ్చు. మందపాటి కాన్వాసు గుడ్డను జానెడు పొడవున సంచిలా కుట్టి, పాతబట్టల పేలికలు బిగించి కూరి, ఒక కొసకు మూరెడు తాడు కడితే చాలు. పెద్ద కుక్కకు సుమారు 450 గ్రాములు, పిల్లకు అందులో సగం బరువు సరిపోతుంది. కర్రలు, రాళ్లు మాత్రం ఎన్నడూ విసరవద్దు; పళ్లు విరుగుతాయి, నోరు చీరుకుపోతుంది. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో పాలపళ్లు ఊడి చిగుళ్లు నొప్పి పెడతాయి కనుక అప్పుడు నోటితో పట్టే సాధనను తగ్గించి, పిలిస్తే రావడం, కూర్చోమంటే కూర్చోవడం గట్టిపరచాలి.

సాధన ఇలా సాగాలి. మీరు కుక్కను ఎడమ పక్కన కూర్చోబెడతారు. మిత్రుడు ముందుగా ఒక చప్పట్టు కొట్టి, కుక్క చూపు తనవైపు తిరిగాక, మూటను ఎత్తుగా విసురుతాడు. అది నేలమీద పడి దుమ్ము లేచిన తరువాత మనసులో ఐదు లెక్కపెట్టి, అప్పుడే "తే" అని పంపాలి. కుక్క మూటను అందుకున్న క్షణంలో మీరు వెనక్కి నాలుగడుగులు వేసి మోకాళ్లమీద కూర్చుంటే, అది మీవైపు వేగంగా వస్తుంది. దగ్గరకు రాగానే మూటను లాక్కోవద్దు. ముందు మెడ నిమిరి, కాసేపు దాని నోటిలోనే ఉంచనిచ్చి, మూట కింద అరచేయి పెట్టి "ఇవ్వు" అనాలి. అది మూటతో పక్కకు పారిపోతే వెంట పడవద్దు. మీరు ఎదురు దిక్కుకు నడిస్తే అదే వెనక వస్తుంది. ఆజ్ఞా పదాలు ఇద్దరికీ ఒకటే ఉండాలి, కానీ పిలిచే హక్కు ఒకరిదే. కుక్క వెళ్లి వస్తున్నప్పుడు మిత్రుడు నోరు మెదపకూడదు.

గాలిని గమనించడం మన సీమలో మరీ ముఖ్యం. రామగిరి కొండలమీద గాలిమరలు నిలిపినది ఊరికే కాదు. మూట మీదుగా వీచిన గాలి కుక్క ముక్కుకు తగిలేలా మీరు నిలబడితే, కంటికి అందని మూటను కూడా అది వాసనతో పట్టుకుంటుంది. మూట మీదుగా పరుగెత్తి దాటిపోయిన కుక్క, వాసన తగలగానే తలను ఒక్కసారి వెనక్కి తిప్పి, ముక్కు నేలకు ఆనించి, తోక బిగబట్టి వెతుకుతుంది. ఆ సమయంలో చేత్తో చూపించాలన్న ఆత్రాన్ని అణచుకోండి. అది తనంతట తాను నేర్చుకునే ఘడియ అదే.

ఎండ విషయంలో నేను చేసిన తప్పు ఎవరూ చేయకూడదని కోరుకుంటున్నాను. ఒక మార్చి చివరలో ఉదయం ఎనిమిదిన్నర దాటినా "ఇంకొక్కటి" అంటూ కొనసాగించాను. తిరిగి వస్తున్న కుక్క నాలుక కొస గరిటెలా వెడల్పయింది, వెనుక కాళ్లు తడబడ్డాయి. మిత్రుడు బోరు తొట్టి దగ్గరకు మోసుకెళ్లి, పొట్టమీద, తొడల మధ్య నీళ్లు పోసి, తువ్వాలుతో విసరబట్టి బతికింది. తరువాతే పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూనే వేడిని వదులుకోవాలి. అప్పటినుంచి మా సాధన సూర్యోదయం తరువాత పావుగంట మాత్రమే, ఐదారు మూటలు మాత్రమే. ఫిబ్రవరి దాటితే చేను మానేసి, ఇంటి నీడలో విధేయత పాఠాలతో సరిపెడతాం.

చేలోకి దిగేముందు రైతును అడగండి; గొర్రెలమంద దగ్గరలో ఉంటే కాపరికి చెప్పి, మందకు దూరంగా జరగండి. గట్టు లేని పాత బావులు ఉన్న చేలను వదిలేయండి. గట్ల పొదల్లో రక్తపింజరలు ఉంటాయి కాబట్టి ముందుగా మిత్రుడు కర్రతో తట్టుకుంటూ ఒకసారి తిరగాలి. బట్టమేక పక్షుల కోసం ఏర్పాటైన రోళ్లపాడు గడ్డి మైదానాల వైపు, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించిన కడప లంకమల పొదల వైపు కుక్కను తీసుకెళ్లవద్దు. అవి నేలమీద గుడ్లు పెట్టే పక్షులు. ఎంత నేర్చిన కుక్క అయినా వాటికి శత్రువే.

చివరి మూటను సులువైన దూరంలో విసిరి, కుక్క గెలిచిన మాట మీదే ముగించండి. ఆ తరువాత నీడలో కూర్చోబెట్టి నాలుగు పాదాలనూ వేళ్ల సందుల దాకా వెతకండి. పల్లేరుకాయలు, కంపముళ్లు అక్కడే దాక్కుంటాయి. చెవుల వెనుక గోమార్లు కూడా చూడండి. ఒకరు తల పట్టుకుని నిమురుతుంటే, రెండోవారు ముల్లు తీయడం తేలిక.